రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు కనిపించినా హాడ్జ్‌కిన్ కాని లింఫోమా: ఒక కేస్ స్టడీ

రోగి 67 ఏళ్ల పురుషుడు. మూడు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం రావడం, రాత్రిళ్లు బట్టలు తడిసేంతగా చెమట పట్టడం, 9 కిలోల వరకూ బరువు తగ్గడం ఆయన చెప్పిన ప్రధాన బాధలు. వీపు మీదా చేతుల మీదా దురదతో కూడిన ఎర్రటి దద్దుర్లు వచ్చిపోతున్నాయి. పరీక్షించినప్పుడు మెడకు రెండు వైపులా, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు (వాచిన లింఫ్ నోడ్లు) తగిలాయి. వాటిలో పెద్దది 3 సెంటీమీటర్లు ఉంది. నొక్కితే నొప్పి లేదు, చేతికి రబ్బరులా తగిలింది. కాలేయం, ప్లీహం కొద్దిగా పెరిగాయి. రోగి అనుమతితో, ఆయనను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలన్నీ తీసేసి ఈ కేసు రాస్తున్నాను.

మెడలోని బిళ్ల నుంచి 18 గేజ్ సూదితో తీసిన మూడు సన్నని ముక్కలను వేరొక ల్యాబులో చూసి, క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా (బి కణాల నుంచి పుట్టే ఒక లింఫ్ క్యాన్సర్), మిశ్రమ కణ రకం అని రిపోర్టు ఇచ్చారు. ఏబీవీడీ అనే నాలుగు మందుల పద్ధతిలో కీమోథెరపీ మొదలుపెట్టడానికి తేదీ కూడా నిర్ణయమైంది. చికిత్స బాధ్యత తీసుకున్న హెమటో-ఆంకాలజిస్టు మాత్రం స్లైడ్లనూ బ్లాకునూ (మైనంలో పొదిగిన కణజాలాన్ని) మా పెథాలజీ విభాగానికి పంపి, ఒక్క ప్రశ్న అడిగారు: “ఈ మనిషికి ఉన్నవన్నీ ఈ రిపోర్టుతో సరిపోతున్నాయా?” ఈ కేసు మలుపు తిరిగింది ఆ ప్రశ్న దగ్గరే కాబట్టి, ఆ ప్రశ్నకు ఆధారమైన విషయాలను ముందుగా చెబుతాను.

హీమోగ్లోబిన్ 8.9 గ్రాములు. రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) పెరిగాయి, డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే శరీరం తన ఎర్రకణాలను తానే పగలగొట్టుకుంటోంది. రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) హెచ్చుగా ఉన్నాయి. కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఎల్‌డీహెచ్ ఎంజైము పెరిగింది. రక్తంలోని ప్రొటీన్లను విడగొట్టి చూసే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో, యాంటీబాడీలు ఉండే గామా భాగం బాగా పెరిగి ఉంది. అయితే సన్నని ఒంటి పట్టీ లేదు, వెడల్పాటి గుట్టలా ఉంది. ఒకే క్లోన్ (ఒకే కణం సంతానం) కాక ఎన్నో రకాల ప్లాస్మా కణాలు ఒకేసారి యాంటీబాడీలను గుమ్మరిస్తున్నాయని దాని అర్థం. హాడ్జ్‌కిన్ లింఫోమాలో వీటిలో ఏ ఒక్కటైనా కనిపించవచ్చు. వృద్ధాప్యంలో, అందులోనూ ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో కూడిన హాడ్జ్‌కిన్ కొత్త విషయమేమీ కాదు. కాకపోతే దద్దుర్లు, కూంబ్స్ పాజిటివ్, గామా గ్లోబులిన్ల పెరుగుదల, ఇయోసినోఫిల్స్, ఒళ్లంతా బిళ్లలు అన్నీ ఒకే మనిషిలో కలిసి వచ్చినప్పుడు పెథాలజిస్టు మనసులోకి ముందుగా రావలసిన పేరు వేరే ఉంది. అది యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ టి-సెల్ లింఫోమా, అంటే బి కణాలది కాక టి కణాల క్యాన్సర్.

మొదటి రిపోర్టు ఎందుకు అలా వచ్చింది

ఆ సూది బయాప్సీ స్లైడ్లను చూసిన ఎవరికైనా హాడ్జ్‌కిన్ అనే అనిపిస్తుంది, ఆ మాట ముందు ఒప్పుకోవాలి. చిన్న లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, ఇయోసినోఫిల్స్, హిస్టియోసైట్లు కలగలిసిన నేపథ్యంలో అక్కడక్కడా పెద్ద కణాలున్నాయి. రెండేసి కేంద్రకాలు, ఒక్కో కేంద్రకంలో ఎర్రగా ఉబ్బిన న్యూక్లియోలస్, దాని చుట్టూ తెల్లటి ఖాళీ. పాఠ్యపుస్తకంలో అచ్చువేసే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం రూపం అదే. మొదటి ల్యాబు చేసిన ఇమ్యునో స్టెయిన్లలో (కణాల గుర్తు ప్రొటీన్లను, అంటే మార్కర్లను, రంగుతో చూపే పరీక్షల్లో) ఆ కణాలు సీడీ30 పాజిటివ్, ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రొటీన్ ఎల్‌ఎంపీ1 పాజిటివ్. సీడీ15 ఒకటి రెండు కణాల్లో మసకగా ఉంది. బి కణాల గుర్తైన సీడీ20 నెగటివ్ అని రాశారు. చుట్టూ ఉన్న చిన్న లింఫోసైట్లు టి కణాల గుర్తైన సీడీ3 పాజిటివ్ కావడంతో, అవి హాడ్జ్‌కిన్ నేపథ్యంలో ఎప్పుడూ ఉండే మామూలు టి కణాలని అక్కడితో వదిలేశారు.

సమస్య అంతా ఆ చివరి వాక్యంలో ఉంది. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం కనబడగానే చూపంతా దాని మీదే నిలిచిపోతుంది, చుట్టూ ఉన్నది నేపథ్యమైపోతుంది. నేను చెప్పదలచినది ఇదొక్కటే: లింఫ్ నోడ్‌లో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే కణమే క్యాన్సర్ కణం కానక్కర లేదు. నేపథ్యం అనుకున్న చిన్న కణాలే అసలు వ్యాధి కావచ్చు, ఆ పెద్ద కణం వాటి వెంట వచ్చి చేరినది కావచ్చు. నా పరిశోధనలో ఎక్కువ భాగం ఈ సరిహద్దు మీదే సాగింది కాబట్టి, ఈ విషయంలో నాకు పట్టుదల కొంచెం ఎక్కువేనని చదువరులు గమనించగలరు.

ఈ పొరపాటుకు అవకాశం ఇంతగా ఎందుకుందో అర్థం కావాలంటే ఆ కణం చరిత్ర కొంత తెలియాలి. థామస్ హాడ్జ్‌కిన్ 1832లో లింఫ్ గ్రంథులు, ప్లీహం పెరిగి చనిపోయిన రోగుల గురించి రాసినప్పుడు ఆయన వర్ణించినది కంటికి కనిపించినంత వరకే. మైక్రోస్కోపు కింద కణాల మాట అందులో లేదు. ఆ వ్యాధికి హాడ్జ్‌కిన్ పేరు 1865లో శామ్యూల్ విల్క్స్ పెట్టారు. పెద్ద కణాన్ని 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో డొరొతీ రీడ్ వివరంగా వర్ణించారు. స్టెర్న్‌బర్గ్ దాన్ని క్షయకు చెందిన ఒక విచిత్ర రూపమనుకున్నారు. రీడ్ క్షయతో సంబంధం లేదని వాదించారు. ఆ తర్వాత దాదాపు ఒక శతాబ్దం పాటు ఆ కణం ఎక్కడి నుంచి పుడుతుందో తేలలేదు, ఎందుకంటే హాడ్జ్‌కిన్ సోకిన నోడ్‌లో ఆ కణాలు నూటికి ఒకటి చొప్పున ఉండటమే గొప్ప. నోడ్ మొత్తాన్ని నూరి పరీక్షిస్తే చుట్టూ ఉన్నవాటి సమాచారమే వస్తుంది. 1994లో జర్మనీలో క్యుపర్స్, రయెవ్‌స్కీ, హాన్స్‌మాన్ తదితరులు స్లైడు మీద నుంచి ఒక్కొక్క రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాన్నీ విడివిడిగా తీసి, దాని ఇమ్యునోగ్లోబులిన్ జన్యువులను చదివారు. అవి బి కణాల నుంచే పుడతాయని, ఒక రోగిలో అవన్నీ ఒకే క్లోన్‌కు చెందినవని దాంతో తేలింది. హాడ్జ్‌కిన్ వ్యాధి అన్న మాట పోయి, 2001 నాటి డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో హాడ్జ్‌కిన్ లింఫోమా అన్న పేరు స్థిరపడటానికి ఈ పని గట్టి ఆధారమైంది.

రెండో వ్యాధి, అంటే యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ లింఫోమా, కథ దీనికి తలకిందులుగా నడిచింది. 1974లో ఫ్రిజ్జెరా, మొరాన్, రాప్పపోర్ట్, మరుసటి ఏడాది ల్యూక్స్, టిండల్ దాన్ని వర్ణించినప్పుడు అది క్యాన్సరే కాదనుకున్నారు. జ్వరం, దద్దుర్లు, యాంటీబాడీల వరద, ఎర్రకణాల విధ్వంసం, ఇవన్నీ చూసి రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పిన స్థితిగా భావించి, లింఫడెనోపతీ అనే పేరుతోనే సరిపెట్టారు. 1980లలో టి-సెల్ రిసెప్టర్ జన్యువుల పరీక్ష అందుబాటులోకి వచ్చాక, ఆ నోడ్లలో ఒకే క్లోన్‌కు చెందిన టి కణాలున్నట్టు బయటపడింది. 1994 నాటి రియల్ వర్గీకరణకు వచ్చేసరికి అది లింఫోమాల జాబితాలో చేరింది. 2002లో ఆ టి కణాలు సీడీ10ను ధరిస్తాయని గుర్తించారు. 2007లో జన్యు వ్యక్తీకరణ అధ్యయనం వాటి పుట్టుక ఫాలిక్యులర్ హెల్పర్ టి కణమని చూపింది. మామూలుగా ఈ కణం చేసే పని జెర్మినల్ సెంటర్‌లో (నోడ్‌లో బి కణాలు వృద్ధి చెందే చోట) బి కణాలకు చేయూతనిచ్చి, అవి యాంటీబాడీలు తయారు చేసేలా పురికొల్పడం. ఆ కణమే క్యాన్సర్‌గా మారితే బి కణాలకు చేయూత ఆగకుండా అందుతూనే ఉంటుంది. మన రోగిలో గామా గ్లోబులిన్ల గుట్ట, కూంబ్స్ పాజిటివ్, నోడ్ నిండా ప్లాస్మా కణాలు, పెద్ద బి కణాలు అన్నిటికీ మూలం అదే. ఒళ్లంతా కనిపించే లక్షణాలనూ స్లైడు మీది కణాలనూ ఒకే సూత్రం ఇంత చక్కగా కలిపే లింఫోమా మరొకటి నాకు తెలియదు.

మొత్తం నోడ్ కోసం

సూది ముక్కల మీదే అదనపు స్టెయిన్లు చేయవచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. బ్లాకులో మిగిలిన కణజాలం చాలా తక్కువ, పైగా అంచులు నలిగి ఉన్నాయి. యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ లింఫోమాను గుర్తించడానికి నోడ్ నిర్మాణం కనబడటం చాలా ముఖ్యం. సూది దాన్ని చూపలేదు. అందువల్ల నోడ్ మొత్తాన్ని శస్త్రచికిత్సతో తీయమని కోరాను. ఏ నోడ్ తీయాలన్నది కూడా మేమూ సర్జనూ కలిసి నిర్ణయించుకున్నాం. గజ్జల్లోది తీయడం తేలికే అయినా, పాత ఇన్‌ఫెక్షన్ల వల్ల అక్కడి నోడ్లలో మచ్చకట్టిన మార్పులు సర్వసాధారణం. పెట్-సీటీలో గ్లూకోజు ఎక్కువగా పీల్చుకుంటున్నది, చేతికి అందేది మెడ కింది భాగంలో ఉంది కాబట్టి దాన్నే ఎంచుకున్నాం.

ఎర్రకణాలు పగలడాన్ని ఆపడానికి ప్రెడ్నిసలోన్ వెంటనే మొదలుపెట్టాలన్న ఆలోచన కూడా వార్డులో ఉంది. నోడ్ తీసేదాకా ఆగగలరా అని అడిగాను. స్టెరాయిడ్ పడితే లింఫోమా కణాలు కరిగిపోయి, నోడ్‌లో గుర్తుపట్టడానికి ఏమీ మిగలకపోవచ్చు. రోగి స్థితి నిలకడగా ఉండటంతో వాళ్లు ఆగారు. రోగి స్థితి విషమంగా ఉంటే ఆగమని అడిగే హక్కు పెథాలజిస్టుకు లేదు. ఈ విషయంలో తుది మాట చికిత్స చేసే డాక్టరుదే.

నోడ్ ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డలో, తీసిన వెంటనే మా గ్రాసింగ్ బల్ల (కణజాలాన్ని కోసి చూసే బల్ల) మీదికి వచ్చింది. ఇక్కడి పది నిమిషాల పని మీద తర్వాతి పరీక్షలన్నీ ఆధారపడతాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నోడ్‌ను పొడవు అక్షానికి అడ్డంగా 3 మిల్లీమీటర్ల ముక్కలుగా కోశాను. కోసిన తలం బూడిద రంగు కలిసిన తెలుపులో చేపమాంసంలా మెత్తగా ఉంది. కుళ్లిన భాగం, పసుపు చారలు లేవు. ఆ తలాన్ని గాజు పలకలకు మెల్లగా తాకించి, రుద్దకుండా, ఇంప్రింట్లు తీశాం. ఒక ముక్కను కణాలను బతికించి ఉంచే ఆర్‌పీఎంఐ ద్రవంలో, కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీకి పంపాం. ఇంకొక చిన్న ముక్కను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచాం. మిగిలిన ముక్కలను 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, లోపలిదాకా పట్టేవరకు ఉంచి మర్నాడు ప్రాసెస్ చేశాం. నోడ్‌ను కోయకుండా మొత్తంగా ఫార్మలిన్‌లో పడేస్తే దాని గుల్ల (పైపొర) గట్టిపడి లోపలికి ద్రవం అందదు. మధ్యభాగం నానినట్టయిపోయి, ఎంత మంచి యాంటీబాడీ వాడినా ఫలితం నమ్మదగ్గదిగా ఉండదు. నా దగ్గరికి రెండో అభిప్రాయం కోసం వచ్చే బ్లాకుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ ఒక్క లోపమే.

స్లైడు మీద ఏముంది

తక్కువ మాగ్నిఫికేషన్‌లో చూసేసరికే సగం జవాబు దొరికింది. నోడ్ సహజ నిర్మాణం చాలామటుకు చెదిరిపోయింది. జెర్మినల్ సెంటర్లు వెతికితే తప్ప కనిపించలేదు, కనిపించినవి కూడా కుంచించుకుపోయి ఉన్నాయి. విచిత్రమేమిటంటే, కణాలు గుల్లను దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి పాకాయి, గుల్ల కింద ఉండే సైనస్ (లింఫ్ పారే సన్నని దారి) మాత్రం మూసుకుపోకుండా తెరుచుకునే ఉంది. ఈ రెండూ ఒకేచోట కనిపించడం యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ లింఫోమాలో తరచుగా చూస్తాం. రక్తనాళాలు అన్నివైపులా చెట్టుకొమ్మల్లా చీలి విస్తరించాయి. పీఏఎస్ స్టెయిన్ వేస్తే వాటి గోడలు మందంగా, గులాబీ రంగులో తేలాయి. లోపలి పొర కణాలు ఉబ్బి ఉన్న హై ఎండోథీలియల్ వెన్యూల్స్ అవి. సూది ముక్కల్లో కూడా ఈ నాళాలు ఉన్నాయి. కానీ మిల్లీమీటరు వెడల్పు ముక్కలో వాటి విస్తరణ ఎవరికీ అంతుపట్టదు.

ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో ఆ నాళాల పక్కనే అసలు కణాలున్నాయి. మామూలు లింఫోసైట్ కంటే కొంచెం పెద్దవి, నీళ్లలా తేటగా పాలిపోయిన సైటోప్లాజం, స్పష్టమైన కణపు అంచు, కొద్దిగా గతుకులు పడిన కేంద్రకం. అయిదారేసి చొప్పున గుంపులు కట్టి నాళాలను ఆనుకుని ఉన్నాయి. వీటిలో దడ పుట్టించే రూపమేదీ లేదు. రీడ్-స్టెర్న్‌బర్గ్ లాంటి కణం పక్కన పెడితే ఇవి అమాయకంగా కనిపిస్తాయి. వీటిని చూడటానికి కళ్లను అలవాటు చేయడమే ఈ రంగంలో శిక్షణ పొందుతున్నవారికి నేను పెట్టే మొదటి పని: ముందు పెద్ద కణాలను పట్టించుకోకుండా నాళాల వెంబడి స్లైడును నడిపించమంటాను, తేట కణాల గుంపు దొరికాకే మిగతావి చూడమంటాను.

సీడీ21 స్టెయిన్‌లో, ఫాలికల్స్‌కు (నోడ్‌లోని బి కణాల గుండ్రటి గుంపులకు) చట్రంలా ఉండే ఫాలిక్యులర్ డెండ్రైటిక్ కణాల వల, వాటి గీత దాటి, నాళాల చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకుపోయి ఉంది. క్లాసికల్ హాడ్జ్‌కిన్‌లో ఇలాంటి అల్లిక ఉండదు. తేట కణాలు సీడీ3, సీడీ4 పాజిటివ్. సీడీ7 చాలావాటిలో పోయింది. సీడీ10, బీసీఎల్6, పీడీ1, సీఎక్స్‌సీఎల్13, ఐకాస్ అనే అయిదు ఫాలిక్యులర్ హెల్పర్ మార్కర్లలో అయిదూ పాజిటివ్ వచ్చాయి. సీడీ10, సీఎక్స్‌సీఎల్13 కొన్ని గుంపుల్లోనే ఉన్నాయి, పీడీ1 మాత్రం చిక్కగా విస్తరించి ఉంది. కనీసం రెండు మార్కర్లు ఉండాలని, మూడైతే మేలని ఇప్పటి వర్గీకరణల ప్రమాణం. నా అనుభవంలో ఒక్క పీడీ1ను నమ్ముకుని రోగనిర్ధారణ చేయడం ప్రమాదకరం, ఎందుకంటే మామూలు ప్రతిక్రియలో పెరిగిన టి కణాల్లోనూ, హాడ్జ్‌కిన్‌లో పెద్ద కణాల చుట్టూ చేరే టి కణాల్లోనూ అది ఉండగలదు. సీఎక్స్‌సీఎల్13, సీడీ10 తేట కణాల మీద కనబడితేనే నాకు ధైర్యం వస్తుంది.

ఇక పెద్ద కణాలు. సీడీ30 బలంగా ఉంది, బి కణాల గుర్తైన పీఏఎక్స్5 ఉంది, సీడీ15 కొన్నిట్లో ఉంది. మా చేతిలో సీడీ20 మళ్లీ చేస్తే కొన్నిటిలో చిక్కగా, కొన్నిటిలో పలచగా, కొన్నిటిలో అసలు లేకుండా వచ్చింది. ఆక్ట్2, బాబ్1 అనే బి-కణ నియంత్రక ప్రొటీన్లు రెండూ బలంగా నిలిచి ఉన్నాయి. క్లాసికల్ హాడ్జ్‌కిన్‌లో సాధారణంగా వీటిలో ఒకటో రెండో మాయమవుతాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణాల్లోనే చూపే ఈబర్ ఇన్-సిటు పరీక్షలో పెద్ద కణాలన్నీ వైరస్ పాజిటివ్. అంతేకాక, మధ్యస్థ పరిమాణం గల బి కణాలు, చిన్న లింఫోసైట్లు కూడా చాలా చోట్ల పాజిటివ్ వచ్చాయి. క్లాసికల్ హాడ్జ్‌కిన్‌లో వైరస్ ఉంటే అది చాలావరకు పెద్ద కణాలకే పరిమితమవుతుంది. ఇక్కడ అది అన్ని పరిమాణాల బి కణాల్లోనూ పరుచుకుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లినచోట, బి కణాలకు ప్రోత్సాహం ఆగకుండా అందుతున్నచోట, నిద్రాణంగా ఉన్న వైరస్ మళ్లీ తల ఎత్తడమే దీనికి కారణం. అయితే పెద్ద కణాల మార్కర్లను ఎంత వెతికినా ఒక్కోసారి అవి నిజమైన హాడ్జ్‌కిన్ కణాల నుంచి వేరుపడవు. అప్పుడు తీర్పు చెప్పేది టి కణాలే.

ఫ్లో సైటోమెట్రీలో, సీడీ3 కణం లోపల ఉన్నా ఉపరితలం మీద లేని, సీడీ4తో పాటు సీడీ10 కూడా ధరించిన చిన్న గుంపు కనబడింది. మొత్తం లింఫోసైట్లలో అది 6 శాతమే. అంత తక్కువా అని ఆశ్చర్యపోనక్కర లేదు. ఈ లింఫోమాలో క్యాన్సర్ కణాలు తరచూ మైనారిటీయే. సీడీ3 గేటు మాత్రమే పెట్టి, అంటే ఉపరితలం మీద సీడీ3 ఉన్న కణాలనే ఎంచి చూస్తే ఈ గుంపు లెక్కలోకే రాదు, కాబట్టి ఫ్లో చేసేవారికి మన అనుమానాన్ని ముందే చెప్పడం అవసరం.

జన్యువులు చెప్పినది

బయోమెడ్-2 ప్రైమర్లతో టి-సెల్ రిసెప్టర్ గామా జన్యు పరీక్ష చేస్తే స్పష్టమైన క్లోనల్ శిఖరం (ఒకే క్లోన్ టి కణాలున్నాయనే గుర్తు) వచ్చింది. పాత సూది బ్లాకులో మిగిలిన కొద్దిపాటి కణజాలం నుంచి తీసిన డీఎన్‌ఏలోనూ అదే పరిమాణంలో అదే శిఖరం ఉండటంతో, మొదటి బయాప్సీలోనూ ఈ వ్యాధే ఉందని రుజువైంది. ఇమ్యునోగ్లోబులిన్ జన్యు పరీక్షలో ఎన్నో రకాల బి కణాల గుట్ట మీద ఒక చిన్న శిఖరం తొంగిచూసింది. దాన్ని కొట్టివేయకుండా రిపోర్టులో రాశాం. ఆ చిన్న శిఖరం సంగతి మళ్లీ వస్తుంది.

సీక్వెన్సింగ్‌లో రోఏ జన్యువులో జీ17వీ మార్పు 8 శాతం ఆలీల్స్‌లో (ఆ జన్యువు ప్రతుల్లో) ఉంది. టెట్2లో రెండు మార్పులు, డీఎన్‌ఎంటీ3ఏలో ఒకటి, ఒక్కొక్కటి 25 నుంచి 35 శాతం మధ్య ఉన్నాయి. ఐడీహెచ్2లో మార్పు లేదు. రోఏ జీ17వీ ఈ వ్యాధిలో ఎక్కువమంది రోగుల్లో ఉంటుందని 2014లో మూడు పరిశోధక బృందాలు ఒకే ఏడాది ప్రచురించాయి. క్లాసికల్ హాడ్జ్‌కిన్‌కు అది చెందినది కాదు. 8 శాతం అంటే పాతకాలపు సాంగర్ పద్ధతికి దాదాపు కనిపించని స్థాయి. లోతైన సీక్వెన్సింగ్ లేకుండా రోఏ మార్పు లేదని రాయడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫ్లోలోని 6 శాతం, టెట్2లోని 25 నుంచి 35 శాతం, ఈ రెండు అంకెల మధ్య తేడాను కాసేపు గమనించాలి. ఫ్లోలో క్యాన్సర్ టి కణాలు కొద్దిపాటి శాతమే అయితే, టెట్2 మార్పు అంత పెద్ద మోతాదులో ఎలా ఉంది? ఆ మార్పు క్యాన్సర్ టి కణాలకే పరిమితం కాదు. మజ్జలోని మూలకణాల్లో ఎన్నో ఏళ్ల కిందటే టెట్2, డీఎన్‌ఎంటీ3ఏ మార్పులు పుట్టి ఉంటాయి. ఆ మూలకణం నుంచి వచ్చిన బి కణాలు, టి కణాలు, మోనోసైట్లు అన్నీ వాటిని మోస్తాయి. రోఏ మార్పు ఆ తర్వాత, టి కణంలో మాత్రమే జరుగుతుంది. 2017లో జపాన్ పరిశోధకులు కణాలను వేరుచేసి దీన్ని చూపారు. మా రోగి రక్తాన్నీ పరీక్షించాం: టెట్2, డీఎన్‌ఎంటీ3ఏ మార్పులు అక్కడా ఉన్నాయి, రోఏ లేదు. నోడ్ స్లైడు మీద నుంచి లేజరు సాయంతో పెద్ద కణాలను మాత్రమే కోసి తీసి చదివితే, వాటిలో టెట్2 మార్పులు దొరికాయి, రోఏ దొరకలేదు. అంటే ఆ రీడ్-స్టెర్న్‌బర్గ్ లాంటి కణాలు క్యాన్సర్ టి కణాలకు సంతానం కావు. రెండింటికీ పూర్వీకుడైన మూలకణం మాత్రం ఒకటే. 1994లో ఒక్కో కణాన్నీ విడిగా తీసి చదివిన పద్ధతికి ఇది వారసత్వమే, సాధనాలు మాత్రం మారాయి.

మందుల వల్ల వచ్చే లింఫ్ నోడ్ వాపు, అందులో ముఖ్యంగా ఫెనిటాయిన్ వాడకం, ఇన్‌ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్, ఐజీజీ4 వ్యాధి, క్షయ ఇవన్నీ పరిశీలించి పక్కన పెట్టాం. 2022 నాటి డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం నోడల్ టీఎఫ్‌హెచ్ (ఫాలిక్యులర్ హెల్పర్ టి) సెల్ లింఫోమా, యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ రకం అని రిపోర్టు ఇచ్చాం. అదే ఏడాది వచ్చిన ఇంటర్నేషనల్ కన్సెన్సస్ వర్గీకరణ దీన్ని ఫాలిక్యులర్ హెల్పర్ టి-సెల్ లింఫోమా అంటుంది. రెండు పేర్లూ రిపోర్టులో ఉండేలా చూశాం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన, హాడ్జ్‌కిన్ కణాల వంటి బి కణాలు ఉన్నాయని, ఇమ్యునోగ్లోబులిన్ పరీక్షలో చిన్న క్లోన్ ఉందని వేరొక వాక్యంగా రాశాం.

రిపోర్టు మారితే రోగికి ఏం మారింది

హాడ్జ్‌కిన్ అనుకున్నప్పుడు ఇవ్వబోయిన ఏబీవీడీలో డాక్సొరూబిసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజీన్ ఉంటాయి. 60 దాటినవారి ఊపిరితిత్తులకు బ్లియోమైసిన్ ప్రాణాంతకం కావచ్చు. ముదిరిన హాడ్జ్‌కిన్‌లోనూ ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు కాబట్టి ఆ ప్రమాదానికి సిద్ధపడతారు. ఈ టి-సెల్ లింఫోమాకు ఆ మందులు సరైన చికిత్స కాదు, ఆ ప్రమాదానికి ప్రతిఫలం ఉండదు. కుటుంబానికి చెప్పవలసిన భవిష్యత్తు కూడా మారిపోతుంది; ఇది తిరగబెట్టే స్వభావం గల వ్యాధి.

సీడీ30 గురించి డాక్టరు మళ్లీ ఒక ప్రశ్న పంపారు. సీడీ30కి అంటుకునే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్‌ను కీమోథెరపీతో కలిపి ఇచ్చే పద్ధతికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది; దానికి ఆధారమైన ఎషెలాన్-2 అధ్యయనంలో చేరడానికి క్యాన్సర్ కణాల్లో కనీసం 10 శాతం సీడీ30 పాజిటివ్ కావాలన్నది నియమం. ఇక్కడ లెక్కపెట్టవలసినది ఏ కణాలను? మొదటి చూపుకు ఎర్రగోధుమ రంగులో మెరిసేవి పెద్ద బి కణాలే, వాటిని లెక్కపెడితే జవాబు తప్పుతుంది. పీఏఎక్స్5, సీడీ30 రెండింటినీ ఒకే స్లైడు మీద రెండు రంగుల్లో వేసి, పీఏఎక్స్5 లేని తేట కణాలను మాత్రమే లెక్కించాం. వాటిలో సుమారు 20 శాతం సీడీ30 మసకగా ధరించాయి. ఆ వాక్యం రిపోర్టుకు అనుబంధంగా వెళ్లింది. బ్రెంటుక్సిమాబ్‌తో పాటు సైక్లోఫాస్ఫమైడ్, డాక్సొరూబిసిన్, ప్రెడ్నిసలోన్ ఆరు విడతలు ఇచ్చారు. చివర్లో పెట్-సీటీలో మెరిసే నోడ్లు లేవు, కూంబ్స్ నెగటివ్ అయింది, హీమోగ్లోబిన్ 12 దాటింది. వయసు, గుండె స్థితి దృష్ట్యా సొంత మూలకణాల మార్పిడి వద్దనుకున్నారు.

రెండో నోడ్

చికిత్స ముగిసిన పదకొండో నెలలో మెడలో మళ్లీ బిళ్ల వచ్చింది. తిరగబెట్టే వ్యాధే కాబట్టి, బయాప్సీ లేకుండానే రెండో దశ మందులు మొదలుపెడదామన్న ప్రతిపాదన వచ్చింది. మా మొదటి రిపోర్టులో వేరే వాక్యంగా రాసిన ఆ చిన్న బి-కణ క్లోన్‌ను గుర్తుచేసి, నోడ్ తీయించమని కోరాను.

ఈసారి స్లైడు నిండా పెద్ద కణాలే. విడివిడిగా కాదు, పలకలు పలకలుగా పరుచుకుని, మధ్యలో కుళ్లిన భాగాలతో ఉన్నాయి. సీడీ20, పీఏఎక్స్5, సీడీ30 పాజిటివ్, ఈబర్ అన్నిట్లోనూ పాజిటివ్. నాళాల వెంబడి తేట కణాల గుంపులు లేవు. సీఎక్స్‌సీఎల్13, సీడీ10 ధరించిన టి కణాల కోసం అన్ని బ్లాకులూ వెతికినా గుంపు దొరకలేదు. ఫాలిక్యులర్ డెండ్రైటిక్ వల లేదు. లోతైన సీక్వెన్సింగ్‌లోనూ రోఏ జీ17వీ కనిపించలేదు, టెట్2 మార్పులు మాత్రం రెండూ ఉన్నాయి. ఇమ్యునోగ్లోబులిన్ పరీక్షలో మొదటి నోడ్‌లో గుట్ట మీద తొంగిచూసిన శిఖరం, సరిగ్గా అదే పరిమాణంలో, ఇప్పుడు ఒంటరిగా నిటారుగా నిలబడింది. అప్పట్లో వెంట వచ్చిన కణాలు ఇప్పుడు స్వయంగా క్యాన్సర్ అయ్యాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాజిటివ్ డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అని రిపోర్టు ఇచ్చాం. టి-సెల్ లింఫోమా తిరగబెట్టిందనుకుని మందులు మార్చి ఉంటే, సీడీ20 మీద పనిచేసే రిటుక్సిమాబ్ ఆయనకు అంది ఉండేది కాదు.

రిటుక్సిమాబ్‌ను జెమ్‌సైటబీన్, ఆక్సాలిప్లాటిన్‌తో కలిపి ఇచ్చారు. నాలుగు విడతల తర్వాత బిళ్ల చాలావరకు కరిగింది. ప్లాస్మాలో వైరస్ డీఎన్‌ఏ మోతాదు గుర్తించదగిన స్థాయి కంటే కిందికి పడింది. ఇప్పుడు ఆయన రక్తంలో మేం వరుసగా గమనిస్తున్నవి మూడు: వైరస్ డీఎన్‌ఏ, రోఏ మార్పు, మూలకణాల్లోని టెట్2 క్లోన్. మొదటి రెండింటిలో ఏది ముందు పైకి లేచినా నోడ్ కోసం వెతకాలని, నోడ్ దొరికితే టి-కణ మార్కర్లు, బి-కణ మార్కర్లు, ఈబర్ మూడు పరీక్షలూ ఒకేసారి చేయాలని ఆయన ఫైలు మొదటి పేజీలో రాసి ఉంచాం.